ప్యాకింగ్ లిస్టులో ‘1 లాట్’: చెన్నై నుంచి పశ్చిమ ఆఫ్రికా దాకా ఒక సోలార్ ప్లాంటు

2021 డిసెంబర్‌లో సంతకమైన మా సోలార్ ప్లాంటు కాంట్రాక్టుకు 2025 జనవరి 28న నాలుగు పేజీల కాగితం చేతికొచ్చింది. అదీ తాత్కాలిక అంగీకార పత్రమే, ఏడాది వారంటీ అప్పటికింకా మిగిలే ఉంది. మొత్తం 37 నెలలు పట్టింది. అందులో ప్యానెళ్లు బిగించడానికి పట్టింది ఏడు వారాలు. మిగతా కాలం ఎక్కడ పోయిందో, డబ్బు ఎక్కడ కారిందో, చెన్నైలో ఉండగానే ఏం చూసుకుని ఉంటే పోకుండా ఉండేదో తారీకులతో సహా రాస్తున్నాను. అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఈ ఎగుమతి పనుల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు పనికొస్తుంది.

దేశం పేరు, కంపెనీల పేర్లు కాంట్రాక్టు షరతుల వల్ల రాయకూడదు. ఫ్రెంచి నడిచే పశ్చిమ ఆఫ్రికా దేశం, సముద్రం లేదు. సరుకు పక్క దేశం రేవులో దించి దాదాపు వెయ్యి కిలోమీటర్లు లారీల మీద తోలాలి. డబ్బు మన ఎగ్జిమ్ బ్యాంకు అక్కడి ప్రభుత్వానికి ఇచ్చిన రుణం, లైన్ ఆఫ్ క్రెడిట్ అంటారు. ప్లాంటు చిన్నదే. 540 వాట్ల ప్యానెళ్లు 9,408, అంటే డీసీ వైపు 5.08 మెగావాట్లు. డీసీని ఏసీగా మార్చే 250 కిలోవాట్ల స్ట్రింగ్ ఇన్వర్టర్లు 16, ఏసీ వైపు 4 మెగావాట్లు. 800 వోల్టులను 33 కేవీకి ఎత్తే 2.5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. కర్ణాటకలోని భారీ పావగడ సోలార్ పార్కు చూసిన కళ్లకు ఇది పెరటి మడి. కానీ పావగడలో ఒక బోల్టు తగ్గితే సాయంత్రానికి బెంగళూరు నుంచి వస్తుంది. ఇక్కడ తగ్గితే ఎన్నాళ్లకు వస్తుందో కింద చెబుతాను.

సంతకం అయిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచారు. పని మొదలైంది మాత్రం 14 నెలల తర్వాత, 2023 ఫిబ్రవరిలో. రుణం కింద ఈ కాంట్రాక్టును చేర్చడానికి ఆమోదం రావాలి, అడ్వాన్సుకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, సరైన కాగితాలు చూపితే డబ్బిస్తామన్న బ్యాంకు హామీ) తెరుచుకోవాలి. మా దగ్గర ఎక్కువ కాలం తిన్నది గ్యారంటీయే. ఇంగ్లీషు పాఠం, ఫ్రెంచి పాఠం రెండూ ఉన్నాయి, తేడా వస్తే ఏది చెల్లుతుందన్న ఒక్క వాక్యం కోసం ముసాయిదా నాలుగుసార్లు తిరిగొచ్చింది. ధర మాత్రం 2021దే. ప్యానెల్ సప్లయర్ ఇచ్చే రేటుకు ఆయుష్షు 30 రోజులు, మన కాంట్రాక్టు ధరకు మూడేళ్లు. 2023లో ప్యానెల్ ధరలు బాగా పడ్డాయి కాబట్టి బతికిపోయాం. అది తెలివి కాదు, అదృష్టం. ఇనుము, రవాణా పెరిగినదంతా ఆ మిగులులోంచే పోయింది.

ఇంకో షరతు: మామూలుగా ఈ రుణాల్లో కాంట్రాక్టు విలువలో కనీసం 75 శాతం సరుకు, సేవలు భారతదేశం నుంచే పోవాలి. సివిల్ పని, లోకల్ లారీలు, అక్కడి కూలీ అన్నీ మిగిలిన 25లోకే వస్తాయి. టెండరు వేసేటప్పుడు 25 చాలా పెద్దగా కనిపిస్తుంది. నేల కింద రాయి తగిలిన రోజున అది ఎంత చిన్నదో తెలుస్తుంది. మేం మొదట వేసిన లెక్కలో లోకల్ ఖర్చు 17 శాతం, ముగిసేసరికి 23 దాటింది. ఇక్కడ ఎంత మిగిలిందో మొదటి రోజు నుంచీ నెలనెలా చూసుకోవాలి, చివర్లో చూస్తే లాభం లేదు.

డిజైన్, మట్టి పరీక్షలు 2023 మార్చి నుంచి జూన్ వరకు. జులైలో ప్యానెళ్ల తయారీ, తనిఖీ. లాటు 9,517 (9,408కి 109 స్పేర్లు. ప్యాలెట్‌కు 31 కాబట్టి 307 ప్యాలెట్లకు సరిపెట్టాం). ఐఎస్ఓ 2859 పట్టిక ప్రకారం సాధారణ రెండో స్థాయిలో ఈ సంఖ్యకు 200 శాంపిళ్లు తీయాలి. వెలుగు కొట్టి కరెంటు కొలిచే ఫ్లాష్ టెస్టులో అన్నీ పాసయ్యాయి. ప్యానెల్‌లోకి కరెంటు పంపి లోపలి పగుళ్లు కనిపించేలా తీసే ఈఎల్ ఫొటోల్లో ఏడింటికి మూలల దగ్గర సన్నటి పగుళ్లు, వెంట్రుకల్లాంటివి, కంటికి ఆనవు. వెతికితే ఆ ఏడూ ఒకే షిఫ్టువి. ఫ్రేము బిగించే ప్రెస్సు ఆ రాత్రి కొంచెం ఎక్కువ నొక్కింది. ఆ షిఫ్టు సీరియల్ నంబర్లన్నీ విడిగా తీసి మొత్తం ఈఎల్ చేయించాం. ఎనిమిది రోజులు పోయాయి, కానీ పోతే పోనీ. పగులున్న ప్యానెల్ వెయ్యి కిలోమీటర్ల ఎగుడుదిగుడు దారి దాటాక దాన్ని ఫ్యాక్టరీ పగులని ఎవరూ ఒప్పుకోరు. సీరియల్ నంబర్ల జాబితా ప్యాలెట్ వారీగా, కంటైనర్ వారీగా ఎక్సెల్లో పెట్టించుకోండి. తర్వాత కస్టమ్స్‌లోనూ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఆ ఫైలే కాపాడింది.

ప్యానెళ్లను మోసే ఇనుప స్ట్రక్చర్ తడ దగ్గర ఒక షెడ్డులో చేయించాం. 336 టేబుళ్లు, టేబుల్‌కు 28 ప్యానెళ్లు, అంటే టేబులే ఒక స్ట్రింగ్, ఒకదాని వెనక ఒకటి తీగతో కలిపిన ప్యానెళ్ల వరుస. టేబుల్‌కు ఐదు పోస్టులు, మొత్తం 1,680. జింకు పూత 80 మైక్రాన్లు అడిగాం, మీటరు పెడితే 84, 91, 88 వచ్చాయి. అంతా బాగుందనుకుని వెనక్కి తిరగబోతుంటే ఒక పర్లిన్ (ప్యానెళ్లు కూర్చునే అడ్డ కమ్మీ) రంధ్రం లోపల ఎర్రగా కనిపించింది. వేలు పెట్టి చూస్తే ఇనుప రజను. పూత అయ్యాక రంధ్రాలు వేశారు. డ్రాయింగు మారినప్పుడు అప్పటికే పూత అయిన 212 పర్లిన్లకు కొత్త రంధ్రాలు కొట్టి ఊరుకున్నారు. పూత తీసేసి మళ్లీ వేయించడానికి మూడు వారాలు. స్ట్రక్చర్ 11 కంటైనర్లు అక్టోబర్ 19న ఓడెక్కాయి.

మిగతా సరుకుకు నవంబర్ చివర్లో ఓడ దొరకలేదు, డిసెంబర్ 9కి బుక్ చేశాం. డిసెంబర్ 3 రాత్రి మొదలైన వాన 4న కూడా ఆగలేదు. మిచాంగ్ తుపాను. అది 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అప్పటికే చెన్నై మునిగింది. ప్యానెళ్లు శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలో ఉన్నాయి, వాటికేం కాలేదు. అంబత్తూరు ఎస్టేట్‌లో మేం అద్దెకు తీసుకున్న గోడౌన్‌లో ఇన్వర్టర్లు, కేబుల్ డ్రమ్ములు, కనెక్టర్లు, లగ్గులు, గ్లాండ్లు ఉన్నాయి. మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. సూళ్లూరుపేట నుంచి రోజూ ట్రైనులో వచ్చే ఫోర్‌మన్ 3వ తేదీన ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయాడు. అతనూ ఇద్దరు కుర్రాళ్లూ రాత్రంతా చేతికందిన అట్టపెట్టెలన్నీ మెట్లెక్కించి పైన అటక మీదికి చేర్చారు. ఇన్వర్టర్లు ఎత్తు ప్యాలెట్ల మీద ఉన్నందుకు బతికాయి.

కేబుల్ డ్రమ్ములే చెడ్డాయి. డీసీ కేబుల్ కొసకు ప్లాస్టిక్ టోపీ లేకపోతే నీళ్లు రాగి తీగల మధ్యనుంచి లోపలికి పాకిపోతాయి, ఒత్తి నూనె పీల్చినట్టు. పైకి చూస్తే ఏమీ తెలియదు. 42 కిలోమీటర్ల కేబుల్‌లో 14 డ్రమ్ములకు టోపీలు ఊడిపోయి ఉన్నాయి. ఒక్కోదానికి మీటరు మీటరు చొప్పున కోసుకుంటూ పోయి, రాగి నల్లబడని చోట ఆపి, ఇన్సులేషన్ పరీక్ష చేసి, మళ్లీ టోపీ తొడిగి టేపు చుట్టాం. కొన్నింట్లో మీటరుతో పోయింది, ఒక దాంట్లో 19 మీటర్లు పోయింది. ఈ పనికి, తడిసిన పెట్టెలు మార్చడానికి, చెక్క ప్యాలెట్లు మళ్లీ వేడి చేయించి ముద్ర వేయించడానికి మొత్తం ఐదు వారాలు. చెక్క గుండె దగ్గర 56 డిగ్రీలు 30 నిమిషాలు ఉండాలి, ఆ ముద్ర లేని చెక్క కనిపిస్తే అవతలి రేవులో కంటైనర్ మొత్తం నిలిపేస్తారు. డిసెంబర్ 9 ఓడ పోయింది. ఈలోగా ఎర్ర సముద్రం గొడవ మొదలై ఫ్రైట్ రేటు వారానికొకటి చెప్పసాగారు.

రెండో విడత 24 కంటైనర్లు: ప్యానెళ్లు 16, కేబుల్ 3, ఇన్వర్టర్లు 1, హెచ్‌టీ (హైటెన్షన్) ప్యానెల్ బోర్డులు, చిల్లర సామాను 2, ట్రాన్స్‌ఫార్మర్లకు పైన తెరిచి ఉండే కంటైనర్లు 2. 2024 జనవరి 17న చెన్నై పక్కనున్న కాట్టుపల్లి రేవు నుంచి బయల్దేరింది. ఇక్కడ మామూలు కాగితాల గురించి రాయను, ఏ క్లియరింగ్ ఏజెంటయినా చూసుకుంటాడు. ఏజెంటు చెప్పనివి రెండున్నాయి.

ఒకటి, ఫ్రెంచి ఆఫ్రికా దేశాల్లో చాలా వాటికి సరుకు చేరకముందే తీసుకోవాల్సిన ఒక ట్రాకింగ్ నంబరు ఉంటుంది, బీఈఎస్‌సీ అంటారు. సముద్రం లేని దేశానికి పంపేటప్పుడు రేవున్న దేశానిది కాదు, చివరికి చేరే దేశానిది తీసుకోవాలి. మా ఏజెంటు రేవు దేశానిది తీశాడు. ఓడ కొలంబోలో ఉండగా కనిపెట్టి మార్పించాం కాబట్టి జరిమానా తప్పింది.

రెండోది ఎల్‌సీ. ఓడెక్కిన తేదీ నుంచి 21 రోజుల్లో కాగితాలు బ్యాంకులో పెట్టాలి, పరిశీలనకు బ్యాంకుకు ఐదు పనిదినాలు. ఇన్వాయిసులో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్నదానితో సరిపోవాలి. ఎల్‌సీలో ఒక రకంగా ఉంటే మా అకౌంట్స్ కుర్రాడు ఇన్వాయిసులో దాన్ని పొదుపుగా రాశాడు, రెండు మాటలు తగ్గించి. అర్థం ఒకటే. బ్యాంకుకు అర్థంతో పనిలేదు. తేడా ఉందని రాసి పంపారు, కొనుగోలుదారు ఒప్పుకుంటూ ఉత్తరం ఇవ్వాలి, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. 26 రోజులు డబ్బు ఆగింది. అప్పటినుంచి ఎల్‌సీలో స్పెల్లింగ్ తప్పుంటే ఆ తప్పునే ఇన్వాయిసులోకి దించుతున్నాం.

మార్చి 14న ఓడ రేవు చేరింది, 57 రోజులు. అందులో 16 రోజులు కొలంబోలో ఓడ మారడానికే. అక్కడినుంచి అసలు కథ. పన్ను మినహాయింపు ఉన్న సరుకుల జాబితా, మాస్టర్ లిస్టు అంటారు, 2021లో కాంట్రాక్టుతో పాటు సంతకమైంది. అందులో ప్యానెళ్ల కస్టమ్స్ కోడ్ 8541.40. 2022 జనవరి 1 నుంచి అంతర్జాతీయ కోడ్ పట్టికలో అది చీలిపోయి ప్యానెళ్లకు 8541.43 అయింది. మన షిప్పింగ్ బిల్లులో సహజంగానే కొత్తది. అక్కడి అధికారి జాబితా తెరిచి చూపించాడు. ‘మినహాయింపు 8541.40కి ఉంది, మీది 8541.43, ఇది వేరే సరుకు.’ అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. జాబితా సవరణకు రెండు మంత్రిత్వ శాఖల సంతకాలు కావాలి. ఏప్రిల్ 20న విడుదలైంది, 37 రోజులకు. ఉచిత గడువు 21 రోజులు పోగా మిగిలిన 16 రోజులకు కంటైనర్ అద్దె: మొదటి వారం రోజుకు 20 డాలర్లు, తర్వాత 40. ఒక్కో కంటైనర్‌కు 500 డాలర్లు, 24 కంటైనర్లకు 12,000. రేవు స్థలం అద్దె అదనం. 2022కు ముందు తయారైన మాస్టర్ లిస్టు ఎవరి దగ్గరైనా ఉంటే ఓడెక్కించకముందే సవరించుకోండి, కాంట్రాక్టు మొదలైన రోజునే దరఖాస్తు పెట్టండి.

ఈలోగా సైటులో పైలింగ్. మొదటి విడత స్ట్రక్చర్ జనవరిలోనే చేరింది. ఫిబ్రవరి 5న మొదలుపెట్టి నాలుగు వారాల్లో ముగిద్దామనుకున్నాం. మట్టి పరీక్ష 12 చోట్ల 3 మీటర్ల లోతు చేశాం, అన్నిచోట్లా ఎర్రమట్టే. సైటు ఈశాన్య మూలలో మాత్రం రెండడుగుల కింద లాటరైటు పలక ఉంది. ఎండి బిగిసి ఇనుపరాయిలా ఉంటుంది, ఆ ప్రాంతంలో మామూలే. మా 12 బోర్లలో ఒక్కటీ ఆ మూలలో పడలేదు. పోస్టు దిగాల్సింది 1.6 మీటర్లు. 0.7 దగ్గర ఆగిపోయి, ఇంకా కొడితే పోస్టు తల పువ్వులా విచ్చుకునేది. 1,680లో 611 పోస్టులది ఇదే పరిస్థితి. రాజధాని నుంచి డ్రిల్లింగ్ రిగ్గు తెప్పించి 200 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, పోస్టు నిలబెట్టి కాంక్రీటు పోశాం. పగలు 42 డిగ్రీల ఎండ కాబట్టి కాంక్రీటు సాయంత్రం ఐదు తర్వాతే, తడి గోనెలు కప్పి ఏడు రోజులు నీళ్లు. ఒక్కో బిట్టు పాతిక రంధ్రాలకే అరిగిపోయేది. ఏప్రిల్ 13కి ముగిసింది, దాదాపు పది వారాలు. ఆ ఖర్చంతా లోకల్ ఖాతా, అంటే ఆ 25 శాతంలోకే. మట్టి పరీక్ష బోర్లు పాతిక వేయించి ఉంటే అయ్యే అదనపు ఖర్చు ఈ రిగ్గు మూడు రోజుల అద్దెకు సమానం.

మే 2 నుంచి 9 వరకు లారీలు వచ్చాయి. 41 ప్యానెళ్లు పగిలాయి, దాదాపు అన్నీ చివరి 18 కిలోమీటర్ల మట్టిరోడ్డులోనే. మే 13న బిగింపు మొదలైంది, రోజుకు ఎనిమిది టేబుళ్లు, జులై 2కి పూర్తి. సజావుగా సాగిన పని ఈ మొత్తంలో ఇదొక్కటే, అందుకే దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్క హెచ్చరిక: క్లాంపుల బోల్టులు, నట్లు రెండూ స్టెయిన్‌లెస్ స్టీలైతే ఇంపాక్ట్ గన్‌తో బిగించొద్దు. వేగానికి వేడెక్కి మరలు ఒకదాన్నొకటి కరుచుకుపోతాయి. సగం బిగిశాక ముందుకీ పోదు, వెనక్కీ రాదు, గ్రైండర్‌తో కోయాల్సిందే. మొదటి రెండు రోజుల్లో 90 బోల్టులు అలా పోయాయి. మరకు కాస్త యాంటీసీజ్ గ్రీజు పూసి, చేత్తో ఎక్కించి, టార్క్ రెంచితో చివరి బిగింపు ఇచ్చాక ఒక్కటీ జామ్ కాలేదు. మధ్య క్లాంపులే 17,472 అని గుర్తుపెట్టుకుంటే గ్రీజు డబ్బాలు ఎన్ని పంపాలో తెలుస్తుంది. మేం రెండు పంపాం.

జులై 3న స్ట్రింగులు కలపాలి. టేబుల్ చివర నుంచి ఇన్వర్టర్ దాకా పోయే కేబుల్‌కు ప్యానెల్ వైపు కొసన ఎంసీ4 కనెక్టర్ తొడగాలి. 336 స్ట్రింగులు, రెండేసి కొసలు, 672. కనెక్టర్ పెట్టెలు తెరిచాం. నల్లటి ప్లాస్టిక్ గుళ్లు ఉన్నాయి, మూతలు ఉన్నాయి, రబ్బరు సీళ్లు ఉన్నాయి. లోపల కేబుల్‌కు క్రింప్ చేసే రాగి పిన్నులు లేవు. హోల్‌సేల్‌లో కొంటే గుళ్లు ఒక పెట్టె, పిన్నులు ఒక పెట్టెగా వస్తాయి. పిన్నుల పెట్టె రాలేదు. ప్యాకింగ్ లిస్టు తీసి చూస్తే వరుస 37: ‘ఎంసీ4 కనెక్టర్లు, 1 లాట్.’ లాటులో ఎన్ని పెట్టెలు, ఎన్ని ముక్కలు, ఏమేమి, ఏమీ లేదు. అంబత్తూరుకు ఫోన్ చేస్తే ఫోర్‌మన్ అడిగాడు. ‘అన్నా, లాట్ అంటే ఎన్ని? ఒక పెట్టె చూశాను, వచ్చిందని టిక్కు పెట్టాను.’ ఇంకో పెట్టె తుపాను రాత్రి అతనే ఎక్కించిన అటక మీద ఉంది. ఏడు నెలలుగా. తూకం వేస్తే ఆరు కిలోలు.

ఏనుగు పోయి తోక చిక్కడమంటే ఇదే. రాజధానిలో ఒక దుకాణంలో వేరే కంపెనీ ఎంసీ4 కనెక్టర్లు ఉన్నాయి. చూడ్డానికి అచ్చు అలాగే ఉంటాయి, క్లిక్కుమని బిగుసుకుంటాయి కూడా. కానీ రెండు కంపెనీల మగ ఆడ ముక్కలు కలిపితే లోపల పిన్నుకు పిన్ను సరిగ్గా ఒరుసుకోదు. 13 ఆంపియర్లు రోజంతా పారితే ఏడాదికో రెండేళ్లకో కరుగుతుంది, పొలంలో నిప్పు పుడుతుంది. ప్రమాణాలూ ఒకే తయారీదారుడి ఒకే రకం జత వాడమనే చెబుతాయి. సైటు మేనేజరు ఊగిసలాడాడు, కన్సల్టెంటు ఒప్పుకోలేదు. ఆయనకు రుణపడి ఉన్నాం.

కొరియర్ అడిగితే కస్టమ్స్‌తో కలిపి మూడు వారాలన్నారు. సరే, ఎలాగూ ఇంకో టెక్నీషియన్ రావాలి కదా, అతని చేతికిచ్చి పంపమన్నాం. టికెట్టు, వీసా సిద్ధం. అతనికి ఎల్లో ఫీవర్ కార్డు లేదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకా వేయించుకున్నాడు. వేసిన రోజు నుంచి పదో రోజుకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. పది రోజులు ఆ ఆరు కిలోల పెట్టె పెరంబూరులో ఒక ఇంట్లో మంచం కింద ఉంది. మొత్తం 19 రోజులు 60 మంది కూలీలు, రెండు క్రేన్లు ఖాళీ. ఆ రోజుల్లో సైటులో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు. అంబత్తూరు ఫోర్‌మన్ రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడట. ఆ రాత్రి అతను పెట్టెలు పైకి మోయకపోతే పిన్నులతో పాటు గుళ్లు కూడా పోయేవి కాబట్టి అతన్ని ఏమనడానికీ మనసొప్పలేదు. తప్పు ‘లాట్’ అని రాసిన వాళ్లది. రాసింది నేనే.

పిన్నులు వచ్చాక క్రింపింగ్, పరీక్షలు 16 రోజులు. స్ట్రింగు ఓపెన్ వోల్టేజీ లెక్క ఇలా: ఒక ప్యానెల్ 49.5 వోల్టులు, 28కి 1,386. అది 25 డిగ్రీల దగ్గర. ప్యానెల్ 60 డిగ్రీలకు ఎక్కితే 1,255 దగ్గర చూపాలి. మూడు స్ట్రింగులు మైనస్ చూపించాయి, తీగలు తారుమారు. ఒకటి మిగతావాటి కన్నా 45 వోల్టులు తక్కువ చూపించింది. 45 తక్కువంటే ఒక ప్యానెల్ దాటేసి కలిపారని అర్థం. పొడవైన కేబుల్ అవసరమైన చోట ఎవరో దగ్గరి దారి చూసుకున్నారు. ఇలాంటివి ఇన్వర్టర్‌కు కలపకముందే దొరకాలి. మీటరు పట్టుకుని 336 స్ట్రింగుల దగ్గరికీ నడవడం తప్ప ఇంకో మార్గం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదాని బ్రీతర్‌లో (లోపలికి పోయే గాలిలో తేమ పట్టే డబ్బా) సిలికా జెల్ నీలంగా ఉండాల్సింది గులాబీ రంగుకు మారిపోయింది. ఎక్కడో గాస్కెట్ వదులై తేమ పీల్చింది. నూనె ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో పరీక్ష చేస్తే 24 కేవీ దగ్గరే తెగింది, కాంట్రాక్టు ప్రకారం కనీసం 50 ఉండాలి. రెండోది 51, అంచున గట్టెక్కింది. నూనె వడపోత యంత్రం మా సామానులో లేదు. అక్కడి విద్యుత్ సంస్థ దగ్గర ఒకటుంది, అది ఇంకో సబ్‌స్టేషన్‌లో పనిలో ఉంది. 23 రోజులు ఎదురుచూసి, మూడు విడతలు వడపోశాక 63కి వచ్చింది. నాలుగు గాస్కెట్లు, అర డ్రమ్ము నూనె, రెండు కిలోల సిలికా జెల్ పెట్టెలో వేసుకోవడానికి ఎంతవుతుంది?

ఎర్తింగ్ గురించి కూడా. లాటరైటు నేల, పొడి కాలం. రాడ్లన్నీ దించి కొలిస్తే 11.4 ఓములు, కావాల్సింది 5. అదనంగా 24 గుంతలు తవ్వి తేమ పట్టి ఉంచే బెంటోనైటు బంకమట్టి నింపి, నేలలోని ఎర్తింగ్ జాలీకి కలిపాక 4.6. వానాకాలంలో కొలిచి మురిసిపోవద్దు, మార్చిలో మళ్లీ కొలవాలి.

సెప్టెంబర్ 10కి మా వైపు అన్నీ సిద్ధం. 33 కేవీ లైను అక్కడి సంస్థ వేయాలి, తొమ్మిది కిలోమీటర్లు. ఎనిమిది వారాలు కాచుకున్నాం. నవంబర్ 6న గ్రిడ్‌కు కలిపాం. ఆ సాయంత్రం మీటరు తిరుగుతుంటే అందరూ దాని ముందే నిలబడిపోయారు, ఎవరో సగ్గుబియ్యం పాయసం చేశారు. మర్నాడు మధ్యాహ్నం నుంచి ట్రిప్పులు. పొడవాటి లైను, మధ్యాహ్నం లోడు తక్కువ, వోల్టేజీ 110 శాతం దాటి ఇన్వర్టర్లు వరసగా ఆగిపోయేవి. మొదటి వారంలోనే 34 సార్లు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు మార్చి, వోల్టేజీ దిగడానికి ఇన్వర్టర్లు కాస్త రియాక్టివ్ పవర్ లాక్కునేలా సెట్ చేశాక ట్రిప్పులు తగ్గాయి. ఇది ముందే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చు, గ్రిడ్ వివరాలు ఇస్తే. అడిగినప్పుడు 2012 నాటి సింగిల్ లైన్ డయాగ్రమ్ (గ్రిడ్ గీతల పటం) ఒకటి ఇచ్చారు.

చివరి పరీక్ష పీఆర్, అంటే పర్ఫార్మెన్స్ రేషియో. ఏడు రోజులు ప్యానెల్ వాలు మీద పడ్డ ఎండ ఎంత, దాంట్లోంచి కరెంటు ఎంత తీశామన్న లెక్క. మేం హామీ ఇచ్చింది 78 శాతం. డిసెంబర్ రెండో వారంలో పెట్టారు, హర్మట్టన్ కాలం. సహారా నుంచి వీచే ఆ పొడిగాలి రోజూ పిండి చల్లినట్టు దుమ్ము పరిచేది. ఎండ కొలిచే పైరనోమీటర్‌ను రోజూ తుడిచారు, ప్యానెళ్లను తుడవలేదు. అంటే ఎండ నిండుగా లెక్కకొచ్చింది, కరెంటు మాత్రం దుమ్ము కిందనుంచి వచ్చింది. చదరపు మీటరుకు 40.6 యూనిట్ల ఎండ, అంటే వంద శాతానికి 2,06,261 యూనిట్లు రావాలి; వచ్చినవి 1,58,821. సరిగ్గా 77. ఒక్క శాతం తక్కువ.

పరీక్షకు ముందు కడుక్కునే హక్కు కాంట్రాక్టులో మాకుంది, కన్సల్టెంటు ఒప్పుకున్నాడు. ప్యానెల్‌కు లీటరున్నర చొప్పున 14,000 లీటర్లు. బోరు నీళ్లతో కడిగితే ఆరిన చోటల్లా తెల్లటి మచ్చలు, దుమ్ముకన్నా అవే మొండివి. ఆ నీళ్లు ఆపి, మెత్తటి బ్రష్షులతో తెల్లవారుజామున మంచు పదును మీద తుడిపించాం. జనవరి మొదట్లో మళ్లీ ఏడు రోజులు: 41.2 యూనిట్ల ఎండకు 1,67,030 యూనిట్లు, 79.8 శాతం.

అక్కడ అంగీకార పత్రాన్ని పీవీ అంటారు, ఫ్రెంచి పేరుకు పొట్టిరూపం. మన దగ్గర పీవీ అంటే సోలార్ ప్యానెలే కాబట్టి ‘పీవీ అయిందా’ అని చెన్నై నుంచి అడిగినప్పుడల్లా ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. జనవరి 28న అయింది. దాని వెనక 31 లోపాల జాబితా జతచేశారు. ఎక్కువగా లేబుళ్లు, రంగులు, కంచె దగ్గర ఒక గేటు తాళం. చివరి పది శాతం డబ్బు అవి తీరాకే.

వాటికోసమూ వారంటీ స్పేర్లకోసమూ మొన్న అంబత్తూరు నుంచి ఒక పెట్టె వెళ్లింది. ప్యాకింగ్ లిస్టు ఈసారి ఫోర్‌మనే రాశాడు, తెలుగులో రాసి కుర్రాడితో ఇంగ్లీషు చేయించాడు. 58 వరుసలు. 12వ వరుస ఎంసీ4 పిన్నులు, మగవి 60, ఆడవి 60, ఏ సంచిలో, ఏ మూలన.